ఇంగ్లీష్ పీరియడ్‌లో చదివేది ఎవరు, రాసేది ఎవరు?

మీరు అడిగింది ఇది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరారు. తొమ్మిదో తరగతిలో 42 మంది. పది పన్నెండు మంది బాగా చదువుతారు, ఇంకో పదిహేను మంది కూడబలుక్కుంటూ చదువుతారు, మిగిలినవాళ్లు పుస్తకం తెరిచి మీ ముఖం చూస్తారు. రాయమంటే గైడులో ఉన్నది ఎక్కిస్తారు. చదవడం, రాయడం నేర్పడానికి క్లాసులో ఏ యాక్టివిటీలు చేయించాలో చెప్పమన్నారు.

పల్నాడు పల్లె బడుల్లో 26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా అనుభవంలో నిలబడినవి మాత్రమే చెబుతాను.

యాక్టివిటీల కంటే ముందు ఒక పని చేయండి. ఒక రోజు మీ పీరియడ్‌ను మీరే గమనించుకోండి. పాఠం పైకి చదివింది ఎవరు? అర్థం చెప్పింది ఎవరు? జవాబు తయారుచేసి బోర్డు మీద రాసింది ఎవరు? ఉద్యోగంలో చేరిన మొదటి ఆరేడేళ్లు నా క్లాసులో ఈ మూడు పనులూ నేనే చేశాను. పిల్లలు విన్నారు, తలూపారు, బోర్డు చూసి రాసుకున్నారు. నా గొంతు పోయేది తప్ప వాళ్లకు చదవడం రాలేదు. చదవడం, రాయడం చేస్తేనే వస్తాయి కదా. అందుకని ఏ యాక్టివిటీ ఎంచుకున్నా నేను చూసేది ఒక్కటే: ఇందులో చదివే కష్టం, రాసే కష్టం పిల్లవాడు పడుతున్నాడా, నేను పడుతున్నానా?

చదవలేని పిల్లలతో మొదలుపెడతాను. వాళ్ల గురించే ఎక్కువ టెన్షన్ పడతాం, వాళ్లనే ముందు వదిలేస్తాం. 2023లో ఏసర్ (ప్రథమ్ సంస్థ చేసే చదువుల సర్వే) గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షిస్తే, ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతమే. అలా చదివినవాళ్లలో కూడా అర్థం చెప్పగలిగింది దాదాపు నాలుగింట మూడొంతుల మంది. అంటే మీ క్లాసులో రెండు వేర్వేరు ఇబ్బందులు ఉన్నాయి. కొందరికి అక్షరాల నుంచి మాట పలకడం రాదు. కొందరు గడగడా చదువుతారు కానీ ఏం చదివారో తెలియదు. రెండో రకం పిల్లలను మనం ‘బాగా చదువుతారు’ అనుకుంటాం. కాబట్టి మొదటి వారంలోనే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి నాలుగు చిన్న వాక్యాలు చదివించి, ‘ఏముంది ఇందులో?’ అని తెలుగులో అడగండి. రోజుకు ఎనిమిది మంది చొప్పున వారంలో అయిపోతుంది.

పలకడం రానివాళ్ల కష్టానికి కారణం ఉంది. తెలుగులో ‘క’ రాస్తే ఎక్కడైనా ‘క’నే. ఇంగ్లీష్‌లో ‘ఎ’ అనే ఒక్క అక్షరమే క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, కార్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా పలుకుతుంది. ఇరవై ఆరు అక్షరాలతో నలభైకి పైగా ధ్వనులు పలికించాలి. అక్షరం చూసి శబ్దం చెప్పడానికి అలవాటుపడ్డ తెలుగు పిల్లవాడు ఇక్కడ తికమకపడి, తనకు చదువు రాదనే అనుకుంటాడు. అలా కాదని ఈ తేడాను బోర్డు మీద పెట్టి చూపిస్తే వాడి ముఖంలో భారం దిగడం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చినది ‘మాటల గోడ’. పిల్లలకు చెవి ద్వారా వందల ఇంగ్లీష్ మాటలు వచ్చు. బస్సు, టికెట్, ఛార్జర్, టాబ్లెట్, మోటార్, ట్రాక్టర్, రీఛార్జ్, సిలిండర్, హాస్పిటల్. ఇంట్లో రోజూ వాడుతూనే వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లో గుర్తుపట్టలేరు. ఇంటి నుంచి అలాంటి పది మాటలు తెలుగులో రాసుకురమ్మనండి. మర్నాడు ఒక్కొక్కరు చదువుతుంటే మీరు ఇంగ్లీష్‌లో బోర్డు మీద రాయండి. పాత క్యాలెండర్ వెనక వైపు ఎక్కించి గోడకు అతికించండి. తర్వాత ప్రతిరోజూ పీరియడ్ మొదటి పది నిమిషాలు ఆ మాటలతోనే ఆట. ‘టి’తో మొదలయ్యేవి ఏవి? చివర్లో ‘ఇ ఆర్’ ఉన్నవి ఏవి, వాటిని ఎలా పలుకుతున్నాం? ట్రాక్టర్ చివర ‘ఓ ఆర్’ ఎందుకుంది? పిల్లలే నియమాలు పట్టుకుంటారు. అర్థం ముందే తెలుసు కాబట్టి కష్టమంతా అక్షరం మీదే ఉంటుంది. రెండు నెలల్లో నా గోడ మీద మూడు వందల మాటలు చేరాయి ఒక ఏడాది.

దీనికి తోడు ప్యాకెట్లు. సబ్బు, బిస్కెట్, ఓఆర్ఎస్ పొడి, పురుగుమందు డబ్బా మీది కాగితం, మాత్రల అట్ట. ఇంటి నుంచి ఖాళీవి తెమ్మనండి (పురుగుమందు డబ్బాను మాత్రం ముట్టుకోవద్దనండి, పెద్దవాళ్లు దాచిన కరపత్రం చాలు). ఇద్దరికి ఒక ప్యాకెట్ ఇచ్చి మూడు ప్రశ్నలు: ఎప్పటిలోగా వాడాలి, ఎక్కడ దాచాలి, ఎంత ధర. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద దాన్ని ఎన్ని నీళ్లలో కలపాలో ఉంటుంది. ఒక లీటరులో కలపాల్సిన ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపి తాగించేవాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఆ రోజు ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మకు ఆ ప్యాకెట్ చదివి వినిపించింది. ఇంగ్లీష్ చదవడం అక్కరకొస్తుందని ఆ పిల్లకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక పాఠ్యపుస్తకం. దయచేసి పాఠం ముందుగా మీరు చదవకండి. మొదట ఒక్క ప్రశ్న బోర్డు మీద రాయండి. జవాబు దొరకాలంటే ఒక పేరా చదవక తప్పని ప్రశ్న. ఐదు నిమిషాలు మౌనంగా చదవమనండి. తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకుని ముందుకు పోవాలి, ఆగకూడదు. ఆ తర్వాత పక్కవాడితో మాట్లాడుకోవాలి, తెలుగులోనైనా సరే. అప్పుడు జవాబు అడగండి, ‘ఏ వాక్యంలో ఉంది, వేలు పెట్టి చూపించు’ అనండి. ఆ వేలు పెట్టించడం వదలొద్దు. గాలిలో చెప్పిన జవాబు చదివినట్టు కాదు. గీత పెట్టిన మాటల్లో ఎక్కువమందికి తెలియని ఐదారింటికి మాత్రమే అర్థం చెప్పండి. పేరా మొత్తం తెలుగులోకి మార్చి చెప్పడం అలవాటు చేస్తే, పిల్లలు మీ తెలుగు కోసం ఎదురుచూస్తారు కానీ ఇంగ్లీష్ వైపు చూడరు. పైకి చదివించడం చివర్లో, అర్థమయ్యాక.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది గోడ డిక్టేషన్. ఆరు వాక్యాల చిన్న పేరాను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, క్లాసు బయట వరండా గోడకు మూడు నాలుగు చోట్ల అతికిస్తాను. నలుగురికి ఒక జట్టు. ఒకరు బయటికి వెళ్లి వాక్యం చదివి, గుర్తుపెట్టుకుని, లోపలికి వచ్చి చెప్పాలి. ఇంకొకరు రాయాలి. మిగిలిన ఇద్దరు స్పెల్లింగ్ చూడాలి. ప్రతి వాక్యానికీ పని మారాలి, లేకపోతే బాగా రాసేవాడే ఆరు వాక్యాలూ రాసేస్తాడు. కేకలు వేస్తే ఆ జట్టుకు ఒక నిమిషం ఆట ఆపు. దీనిలో గొప్పతనం ఏమిటంటే, ఒక్కో మాటా విడిగా చదివేవాడు వాక్యాన్ని మోసుకురాలేడు. ‘ది ఓల్డ్ ఫార్మర్’ ఒక ముక్క, ‘వెంట్ టు ది మార్కెట్’ ఒక ముక్క, ఇలా అర్థం ఉన్న తునకలుగా పట్టుకుంటేనే గుర్తుంటుంది. నలభై ఏళ్ల మనిషిలా నీరసంగా కూర్చునే వెనక బెంచీవాడు కూడా ఆ రోజు గోడ దగ్గరికి మూడుసార్లు తిరుగుతాడు, ప్రతిసారీ ఆ వాక్యాన్ని మళ్లీ చదువుతాడు. చివర్లో అసలు కాగితం తెచ్చి, తమ తప్పులు తామే దిద్దుకోవాలి.

కలగాపులగం చేసిన పేరా కూడా తేలికే. పేరాలోని వాక్యాలను విడివిడిగా కత్తిరించి కవరులో పెట్టి ఇవ్వండి, వరుస పెట్టమనండి. ‘ఈ వాక్యం ముందు ఎందుకు పెట్టావు?’ అని అడగడమే అసలు పాఠం. ‘హీ అని ఉంది సార్, ఎవరో ముందే చెప్పి ఉండాలి కదా’ అని ఒక పిల్లవాడు చెప్పిన రోజు సర్వనామాల గురించి నేను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు.

పొడవైన పాఠాలకు జిగ్సా పద్ధతి వాడండి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, నల్ల, తెల్ల పిల్లలను ఒకే బడిలో కలిపినప్పుడు వాళ్ల మధ్య గొడవలు తగ్గించడానికి ఇలియట్ ఆరన్సన్ అనే మానసిక శాస్త్రవేత్త తయారుచేసిన పద్ధతి ఇది. పాఠాన్ని నాలుగు భాగాలు చేయాలి. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం. ఒకే భాగం వచ్చినవాళ్లు ముందు కలిసి కూర్చుని అర్థం చేసుకుంటారు, తర్వాత తమ జట్టుకు తిరిగివచ్చి చెబుతారు. ఎవరి దగ్గరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా చదివే పిల్లవాడి మాట కూడా అందరూ వినక తప్పదు. మన క్లాసుల్లో ముందు బెంచీ, వెనక బెంచీ అనే గీతను ఇది చెరిపేస్తుంది. మొదటి రెండుసార్లు గందరగోళం అవుతుంది. మూడోసారికి కుదురుకుంటుంది. నెమ్మదిగా చదివేవాళ్లకు చిన్న భాగం ఇవ్వండి.

ఇంకొకటి మన దక్షిణ భారతంలోనే పుట్టింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీష్ బోధన నిపుణుడి ఆధ్వర్యంలో బెంగళూరు ప్రాజెక్ట్ నడిచింది. మామూలు బడుల్లో, ఎక్కువమంది పిల్లలున్న క్లాసుల్లో, వ్యాకరణం పాఠంగా చెప్పకుండా రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాపు వంటివి ఇచ్చి లెక్క తేల్చమన్నారు. లెక్క తేల్చే ఆరాటంలో భాష వస్తుందన్నది ఆయన నమ్మకం. నేను దాన్ని ఇలా చేస్తాను. నరసరావుపేట నుంచి గుంటూరు బస్సుల పట్టిక ఒకటి ఇంగ్లీష్‌లో నేనే తయారుచేసి బోర్డు మీద వేస్తాను. ‘తాతగారికి పదిన్నరకు ఆసుపత్రిలో చూపించుకోవాలి. బస్టాండ్ నుంచి ఆసుపత్రికి ఆటోలో ఇరవై నిమిషాలు. ఎక్స్‌ప్రెస్ ఛార్జీ ఎక్కువ. ఏ బస్సు ఎక్కాలి, ఎందుకు?’ ఈ ప్రశ్న కూడా ఇంగ్లీష్‌లోనే. లెక్కల్లో చురుకైన పిల్లలు ఇంగ్లీష్ క్లాసులో నోరు విప్పేది ఇలాంటప్పుడే. ఆ తర్వాత తాతగారికి రెండు వాక్యాల చీటీ రాయమంటే కారణంతో సహా రాస్తారు.

రాయడం దగ్గర మనం చేసే పెద్ద పొరపాటు, టాపిక్ ఇచ్చి ‘రాయండి’ అనడం. చెప్పడానికి మాట లేనివాడు రాయడానికి వాక్యం ఎక్కడి నుంచి తెస్తాడు? గైడు నుంచి తెస్తాడు. వాణ్ని తిట్టి లాభం లేదు. ముందు మాట్లాడించాలి. ‘నిన్న సాయంత్రం బడి అయ్యాక ఏం చేశారు?’ తెలుగులో, ఇంగ్లీష్‌లో, కలిపి, ఎలాగైనా. వాళ్లు చెప్పినవాటిని బోర్డు మీద ఇంగ్లీష్ వాక్యాలుగా మీరు రాయండి, కానీ ప్రతి మాటకూ వాళ్లను అడుగుతూ. ‘మొదట ఎవరిని పెట్టాలి? ఆ తర్వాత పనిని పెట్టాలా, వస్తువును పెట్టాలా?’ ఇలా ఐదు వాక్యాలు క్లాసంతా కలిసి కడుతుంది. తర్వాత బోర్డు తుడిచేయండి. ఇప్పుడు ఎవరి నిన్నటి సాయంత్రం వాళ్లు రాయాలి. బోర్డు తుడవడం మర్చిపోతే 42 నోట్సుల్లో ఒకే సాయంత్రం ఉంటుంది.

తప్పుల విషయానికి వస్తే, మన పిల్లల తప్పులు చాలావరకు తెలుగు నుంచి వచ్చేవే. ‘మా నాన్న రైతు’ అన్న వాక్యంలో క్రియ లేదు. అందుకే ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాస్తారు. ‘ఇంటికి వచ్చాను’ అంటే ‘నేను’ అక్కర్లేదు, అందుకే ‘కేమ్ హోమ్’ అని మొదలుపెడతారు. తెలుగులో ఎ, యాన్, ది లేవు. విభక్తి మాట తర్వాత వస్తుంది, ఇంగ్లీష్‌లో మాటకు ముందు వస్తుంది. తెలుగు వాక్యం పైన, ఇంగ్లీష్ వాక్యం కింద రాసి, ఏ మాట ఎక్కడికి జరిగిందో బాణాలు గీయించండి. తెలుగు వాడకూడదనే పట్టుదల నాకూ ఉండేది. వదిలేశాక పిల్లలు త్వరగా నేర్చుకున్నారు.

దిద్దేటప్పుడు అన్ని తప్పులకూ ఎర్ర ఇంకు పెట్టకండి. ఎర్రగా నిండిన పేజీని పిల్లవాడు చదవడు, మూసేస్తాడు. నేను వారానికి ఒకే రకం తప్పు దిద్దుతాను. ఈ వారం ‘ఈజ్, ఆర్, వాజ్’ పోయినచోట చిన్న సున్నా చుడతాను, అంతే. సరిచేసి రాయను. వచ్చే వారం వాక్యం మొదట్లో పెద్ద అక్షరం, చివర చుక్క. ఆ పై వారం గడిచిన కాలం క్రియలు. మిగతా తప్పులు కనిపిస్తూనే ఉంటాయి, మనసు ఒప్పుకోదు, కానీ ఓర్చుకోవాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఆ నోట్సులు చూసి, దిద్దని తప్పులున్నాయని అందరి ముందూ మందలించారు. అప్పటి నుంచి నోట్సు అట్ట లోపల ‘ఈ వారం దిద్దినది’ అని పిల్లల చేతే రాయిస్తున్నాను. తర్వాత వచ్చినవాళ్లు అది చూసి అర్థం చేసుకున్నారు.

కొంచెం రాయగలిగేవాళ్లకు విని కట్టే యాక్టివిటీ ఇవ్వండి. ఐదు వాక్యాల చిన్న కథను మామూలు వేగంతో రెండుసార్లు చదవండి. మొదటిసారి పెన్ను పట్టకూడదు. రెండోసారి ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకోవచ్చు. తర్వాత ముగ్గురేసి కలిసి ఆ కథను తమ వాక్యాల్లో తిరిగి కట్టాలి. మీ కథతో పోల్చి చూసుకునేటప్పుడు ‘మనం వెంట్ రాయలేదు, గో రాశాం’ అని వాళ్లే అంటారు.

ఉత్తరాలు నిజంగా పంపేవి రాయించండి. పరీక్షలో వచ్చే లెటర్ నమూనా ఎవరికీ చేరదు, అందుకే అందులో ప్రాణం ఉండదు. వీధి దీపం వెలగడం లేదని పంచాయతీ కార్యాలయానికి, లైబ్రరీ పీరియడ్ కావాలని హెడ్‌మాస్టరుకు, వేరే ఊరి బడి పిల్లలకు తమ ఊరి గురించి. పక్క మండలంలో తెలిసిన టీచరు ఉంటే ఏడాదికి నాలుగు ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. మిరపకోతల రోజుల్లో మా బడిలో హాజరు సగానికి పడిపోతుంది. ఒక ఏడాది కోతల నుంచి తిరిగొచ్చిన పిల్లలు, కళ్లు మండటం, చేతులు మండటం, రోజుకు ఎంత కూలి, ఇవన్నీ అవతలి బడికి రాశారు. అప్పటిదాకా మూడు లైన్లు దాటని ఒక అమ్మాయి పేజీన్నర రాసింది. ‘బర్నింగ్’కు స్పెల్లింగ్ నన్ను మూడుసార్లు అడిగింది. ఆ ఉత్తరానికి జవాబు వచ్చినప్పుడు తనే క్లాసుకు చదివి వినిపించింది.

అదనంగా చదవడానికి పుస్తకాల కొరత ఉంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా, తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ. తొమ్మిదో తరగతి పిల్లవాడికి రెండో స్థాయి కథ ఇవ్వడానికి సందేహించకండి. 1920ల్లో ఢాకాలో పనిచేసిన ఇంగ్లీష్ విద్యావేత్త మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల పుస్తకాలు చూసి, పేజీకి కొత్త మాటలు మరీ ఎక్కువైపోయాయని గుర్తించి, తెలిసిన మాటలతో కథలు తిరిగి రాశారు. మన పిల్లల అవసరం ఇప్పటికీ అదే. మన దగ్గర సైన్స్, సోషల్ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి కదా, అవీ వాడుకోండి. తెలుగు పేజీ మీద కాగితం కప్పి ఇంగ్లీష్ పేరా చదివి, ఏముందో చెప్పి, అప్పుడు కాగితం తీసి సరిచూసుకోవాలి.

సిలబస్ సంగతి మీరు అడగలేదు కానీ అడుగుతారు. అన్ని పాఠాలూ ఒకే లోతులో చెప్పడం కుదరదు. యూనిట్‌లో ఒక పాఠాన్ని పైన చెప్పిన పద్ధతిలో నింపాదిగా చేయండి, మిగతావి వేగంగా దాటండి. పదో తరగతిలో డైరీ, సంభాషణ, లెటర్ వంటి డిస్కోర్సుల నమూనాలు జనవరి నుంచి నేర్పినా చాలు, అప్పటికి సొంత వాక్యం రాయడం వచ్చి ఉంటే. అది రాకుండా జూన్ నుంచి నమూనాలు బట్టీ పట్టిస్తే, ప్రశ్న కాస్త మారేసరికి పెన్ను ఆగిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందుగా మూడు వాక్యాల నోట్సు పెట్టండి. ప్రతి పిల్లవాడికీ ఒక చిన్న నోట్సు, రోజూ పీరియడ్ చివరి ఐదు నిమిషాలు, ఆ రోజు చూసినదో విన్నదో మూడు వాక్యాలు. మాట తెలియకపోతే అక్కడ తెలుగులో రాసేయొచ్చు. రోజుకు ఎనిమిది తొమ్మిది నోట్సులు మీరు ఇంటికి తీసుకెళ్లి, దిద్దకుండా, కింద ఒక వాక్యం జవాబు ఇంగ్లీష్‌లో రాయండి. ‘మై బఫెలో గివ్ బర్త్ ఎస్టర్‌డే’ అని ఒకడు రాస్తే, ‘యువర్ బఫెలో గేవ్ బర్త్! ఈజ్ ద కాఫ్ బ్లాక్?’ అని రాయండి. వాడు ‘గేవ్’ గమనిస్తాడు, మర్నాడు దూడ రంగు రాసుకొస్తాడు. మొదటి వారం సగం మంది ఒక్క వాక్యంతో ఆపేస్తారు, కొందరు తెలుగులోనే రాస్తారు. ఆ ఒక్క వాక్యానికీ జవాబు రాయండి. నాలుగైదు వారాల తర్వాత గోడ డిక్టేషన్ మొదలుపెట్టి, ఎలా జరిగిందో నాకు రాయండి. మొదటి రోజు గోల ఎక్కువైతే జట్టుకు ముగ్గురినే పెట్టి చూడండి.